పొన్నలంక మీద కన్నేసిన రాజు

ఇలా రా పండూ, గోడవైపు జరుగు. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. నేను చెప్తూ ఉంటాను, నువ్వు ఊ కొడుతూ ఉండు. ఊ ఆగిందంటే నిద్రపోయావని నేనూ ఆపేస్తాను. సరేనా?

అనగనగా, ఏరు వెళ్ళి సముద్రంలో కలిసేచోట ఒక లంక ఉండేదట. లంకంటే తెలుసుగా? చుట్టూ నీళ్ళు, మధ్యలో నేల. ఆ నేల నిండా పొన్న చెట్లు. అందుకని దాన్ని పొన్నలంక అనేవాళ్ళు. పొన్నపూలు రాలిన పొద్దున ఇసుకంతా ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా ఉండేదట.

ఆ లంకలో చేపలు పట్టేవాళ్ళు, కొబ్బరిపీచుతో తాళ్ళు పేనేవాళ్ళు, పడవలు కట్టేవాళ్ళు ఉండేవారు. వాళ్ళకి రాజూ లేడు, కోటా లేదు. ఆదెమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. తగువొచ్చినా, తుఫానొచ్చినా అందరూ ఆవిడ మాటే వినేవాళ్ళు. ఆవిడ ఎవరి మీదా గొంతు పెంచి ఎరగదు. మెల్లిగా చెప్పేది. అందుకే అందరూ నోరు మూసుకుని వినేవాళ్ళు.

ఏటికి ఎగువన, ఎత్తయిన గట్టు మీద ఒక కోట. దాని పేరు గట్టుకోట. దాని రాజు పెదభూపతి. చెడ్డవాడేం కాదు. కాలవలు తవ్వించాడు, ఆకలేసినవాడికి అన్నం పెట్టించాడు. కానీ ఆయనకి మాట ముందు, ఆలోచన వెనక. నోట్లోంచి వచ్చేశాక గాని తను ఏమన్నాడో తనకే తెలిసేది కాదు.

ఆ గట్టుకోటకీ ఈ పొన్నలంకకీ పాత స్నేహం. ఎంత పాతదంటే, పెదభూపతి నీ అంత ఉన్నప్పటిది.

అప్పట్లో సముద్రం మీద ఓడదొంగలు వచ్చారు. వచ్చి ముందు లంక మీద పడ్డారు. లంకవాళ్ళు ఇసుకదిబ్బ మీద పెద్ద మంట వేశారు. ఆ మంట చూసి పెదభూపతి తండ్రి, పాత రాజుగారు, సేనని తీసుకుని దిగి వచ్చాడు. అందరూ కలిసి దొంగల్ని తరిమేశారు. కానీ లంకలో ఇళ్ళన్నీ కాలిపోయాయి. ఆదెమ్మ మొగుడు గురవయ్య, పాత రాజుగారి పడవకి తెడ్డు వేస్తూ వేస్తూ ఆ పోరులోనే పోయాడు.

అప్పుడు పాత రాజుగారు వెంటనే కోటకి వెళ్ళిపోలేదు. ఆ బూడిదలోనే ఉండిపోయి, ఇళ్ళన్నీ మళ్ళీ కట్టించాక వెళ్ళాడు. వెళ్ళేముందు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి లంకవాళ్ళతో ఒట్టేసుకున్నాడు. "మీ ఇంటికి నిప్పంటుకుంటే మేం నీళ్ళు మోస్తాం. మా ఇంటికి అంటుకుంటే మీరు మొయ్యండి. మీది మీది, మాది మాది. కష్టం మాత్రం ఇద్దరిదీ." అంతే ఒట్టు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు హాయిగా గడిచిపోయాయి. లంక నుంచి చేపలూ, కొబ్బరికాయలూ, తాళ్ళూ గట్టుకోట సంతకి వెళ్ళేవి. గట్టుకోట నుంచి వడ్లూ, కందులూ, మినుములూ లంకకి వచ్చేవి. ఈ ఊరి పిల్లని ఆ ఊరికిచ్చేవారు, ఆ ఊరి పిల్లని ఈ ఊరికి తెచ్చుకునేవారు. పాత రాజుగారు పోయాక పెదభూపతి రాజయ్యాడు. అప్పుడూ ఏం మారలేదు.

ఊ కొడుతున్నావా? ఆఁ.

ఒకనాడు ఎక్కడినుంచో వచ్చిన వర్తకులు రాజుగారికి ఒక కబురు చెప్పారు. దూరంగా దక్షిణాన ఓడదొంగలు మళ్ళీ తిరుగుతున్నారట. ఏదో లంకని పట్టుకుని అక్కడే మకాం పెట్టారట.

ఆ కబురు విన్న దగ్గర్నుంచి పెదభూపతికి అన్నం సహించలేదు. చిన్నప్పుడు కోట బురుజు మీద నిలబడి చూసిన మంట కళ్ళముందు మెదిలింది. కానీ రాజు కదా, భయమేస్తోందని ఎవరితో అంటాడు? అనలేక, ఆ భయాన్ని కోపంగా మార్చేసుకున్నాడు. పెద్దవాళ్ళు ఒక్కోసారి అలా చేస్తారులే.

అప్పుడు సభలో లేచి నిలబడి ఇలా అన్నాడు. "పొన్నలంక మన ఏటికి గుమ్మం. గుమ్మం ఇంకొకరి చేతిలో ఉంటే ఇల్లు మనదెలా అవుతుంది? ఆ లంక నాది కావలసిందే!"

సభలో ఉన్నవాళ్ళు "భేష్, భేష్" అన్నారు. ఒక "భేష్"కి రాజుగారి ఛాతీ పొంగింది. రెండో "భేష్"కి మీసం లేచింది. మూడో "భేష్"కి, "ఇస్తే సరి, ఇవ్వకపోతే లాక్కుంటాను!" అనేశాడు.

ఏంటీ? వాళ్ళు స్నేహితులు కదా అంటావా? అవును మరి. అదే కదా నేను చెప్తున్నది.

గట్టుకోట సేనకి పెద్ద ఒకాయన ఉండేవాడు. ఆయన్ని దళవాయి అనేవాళ్ళు. పేరు ముమ్మడన్న. ఓడదొంగలతో పోరాడిన రోజుల్లో కుర్రవాడు, ఇప్పుడు జుట్టంతా నెరిసిపోయింది. రాజుగారు ఆయన్నే పిలిచి, లంకకి కబురు తీసుకెళ్ళమన్నాడు.

మొదటిసారి తియ్యటి కబురు పంపాడు. పట్టుచీరలు పంపాడు, బుట్టెడు పటికబెల్లం పంపాడు. "లంక మాకిచ్చెయ్యండి. బదులుగా గట్టు మీద ఇంతకి రెండింతల నేల ఇస్తాం" అని చెప్పమన్నాడు.

ఆదెమ్మ ముమ్మడన్నని చాప మీద కూర్చోబెట్టింది. కొబ్బరిబొండం కొట్టి ఇచ్చింది. చెప్పిందంతా విన్నది. విని, "మీ గట్టు మీద నేల మంచిదే అన్నయ్యా, కాదనను. కానీ అక్కడ మా వలలు ఎందులో వెయ్యమంటావు? మా ఆయన ఈ నీళ్ళలోనే ఉన్నాడు. ఆయన్ని ఎలా మోసుకురమ్మంటావు?" అంది.

ముమ్మడన్న తల వంచుకున్నాడు. గురవయ్య పోయినప్పుడు పక్క పడవలో ఉన్నది ఆయనే.

ఆదెమ్మ పట్టుచీరలు మడత విప్పకుండా తిప్పి పంపేసింది. పటికబెల్లం మాత్రం పంపలేకపోయింది. పిల్లలు అప్పటికే తినేశారు.

రెండోసారి రాజుగారు పుల్లటి కబురు పంపాడు. "ఈరోజు నుంచి లంక సరుకు మా సంతలో దిగడానికి వీల్లేదు. మా గింజ ఒక్కటి కూడా లంకకి రాదు. లొంగితేనే సంత తెరుస్తాం."

ఆదెమ్మ అదీ విన్నది. "రాజుగారి సంత రాజుగారి ఇష్టం" అంది. అంతకంటే ఏమీ అనలేదు.

ఆ తర్వాత లంకలో వరన్నం అరుదైపోయింది. చేపలూ, కందదుంపలూ, చిలగడదుంపలూ తిన్నారు. బాలింతలకీ పసిపిల్లలకీ దాచిన బియ్యం వండిపెట్టారు. పొరుగింటివాళ్ళు పొయ్యి వెలిగించారో లేదో ఒకరినొకరు కనుక్కునేవాళ్ళు. ఇబ్బంది పడలేదని కాదు, పడ్డారు. ఆదెమ్మ రోజూ ఇల్లిల్లూ తిరిగేది. తన వాటా తగ్గించుకుందని ఎవరితోనూ అనలేదు గాని, ఆవిడ గాజులు మోచేతిదాకా జారుతుంటే అందరికీ తెలిసిపోయింది.

మరి గట్టుకోటలో? అక్కడా సుఖం లేదు. బావి తాళ్ళు తెగిపోతే కొత్తవి దొరకలేదు. పెళ్ళిళ్ళకి కొబ్బరికాయలు లేవు. "పులుసులో చేప ముక్కేదీ?" అని మొగుళ్ళు అడిగితే, "రాజుగారినడుగు" అని పెళ్ళాలు గిన్నె ఎత్తేసేవాళ్ళు. లంకలో పుట్టి గట్టుకోటకి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు రేవులో నిలబడి దిగువకి చూస్తూ ఉండేవారు. బిందె నిండి పొర్లిపోతున్నా కదిలేవారు కాదు.

మూడోసారి రాజుగారు కారం కబురు పంపాడు. "వచ్చే పున్నమికి సేనతో వస్తున్నాను. దారి ఇచ్చారా, బతికిపోతారు. లేదంటే మీ ఖర్మ."

ఈ మాట ముమ్మడన్న నోరు పెగుల్చుకుని చెప్పలేకపోయాడు. చాలాసేపు నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఎలాగో చెప్పాడు.

ఆదెమ్మ మొదటిసారి కళ్ళు తుడుచుకుంది. "చెప్పడానికి నీకెంత కష్టమైందో చూశాను అన్నయ్యా. పొద్దుపోతోంది, అన్నం తినేసి వెళ్ళు" అంది. ఆయన తినలేదు. ఆ ఇంట్లో అన్నం ఎంత ఉందో ఆయనకి తెలుసు.

ఆ కబురు గాలిలా చుట్టుపక్కలంతా పాకింది. అప్పుడు ఏమయిందో తెలుసా? ఉప్పుమడుల ఊరివాళ్ళు కొందరు పడవెక్కి లంకకి వచ్చారు. ఆ తర్వాత రెల్లుదిబ్బవాళ్ళు వచ్చారు. ఆ తర్వాత అడవి అంచున ఉండే తేనెపట్లవాళ్ళు కూడా వచ్చారు. కత్తులు తేలేదు. చాపలూ, వంటగిన్నెలూ తెచ్చుకున్నారు.

"ఎందుకొచ్చారయ్యా?" అంది ఆదెమ్మ.

"ఉండడానికొచ్చాం. పున్నమిదాకా మీతోనే ఉంటాం. రాజుగారికీ మాకూ తగువు లేదు. కానీ ఇవాళ మీ ఊరు, రేపు మా ఊరు. సేన వచ్చినప్పుడు మీరు ఒక్కరే నిలబడి ఉండకూడదు" అన్నారు వాళ్ళు.

అలా లంకంతా పొయ్యిలు వెలిగాయి. తేనెపట్లవాళ్ళు సామలు తెచ్చారు, ఉప్పుమడులవాళ్ళు బియ్యం తెచ్చారు. చాలా రోజుల తర్వాత పిల్లలు కడుపు నిండా తిన్నారు.

పున్నమి దగ్గరపడింది. గట్టుకోట రేవులో పడవలు బారులు తీరాయి. అందులోకి ఈటెలూ కత్తులూ ఎక్కిస్తున్నారు. అప్పుడు ముమ్మడన్న రాజుగారి దగ్గరికి వెళ్ళాడు.

"మహారాజా, ఆజ్ఞ అయితే వెళ్తాను. వెళ్ళేముందు ఒక్క సంగతి చెప్పండి. లంకలో దిగాక ఎవరిని పొడవాలి?"

"అదేం ప్రశ్న ముమ్మడన్నా? ఎదురొచ్చినవాళ్ళని!"

"వాళ్ళు ఎదురొస్తారు మహారాజా. మన పడవ కనపడితే ఎదురొచ్చి, తాడు అందుకుని, చెయ్యిచ్చి దింపుతారు. ఇన్నేళ్ళుగా వాళ్ళకి అదే అలవాటు. ఆ చెయ్యి ఇచ్చినవాణ్ణి పొడవాలా?"

 రాజుగారు "వెళ్ళు బయటికి!" అని అరిచాడు. ముమ్మడన్న వెళ్ళిపోయాడు. కానీ ఆ ప్రశ్న మాత్రం వెళ్ళలేదు. రాజుగారి పక్కనే కూర్చుంది.

సాయంత్రం రాణి మల్లాంబ భోజనం వడ్డిస్తోంది. రాజుగారు ముద్ద కలిపి అలాగే ఉండిపోయాడు.

రాణి విసనకర్ర విసురుతూ అడిగింది. "లంక మన చేతికొచ్చాక అక్కడ కాపలా ఎవరుంటారు?"

"మన సైనికులు."

"వాళ్ళు గట్టు మీద పుట్టినవాళ్ళు. అలకీ అలకీ మధ్య ఏ ఓడ దాక్కుందో వాళ్ళకి తెలుస్తుందా?"

రాజుగారు ఆలోచించాడు. "తెలీదు. అయితే లంకవాళ్ళనే కాపలా పెడతాం."

"ఇప్పుడు కాస్తున్నదీ వాళ్ళే కదండీ. ఇప్పుడు ప్రేమగా కాస్తున్నారు. అప్పుడు మనల్ని తిట్టుకుంటూ కాస్తారు. అంతేగా తేడా?"

రాజుగారు ముద్ద కంచంలో వదిలేశాడు. చిన్న గొంతుతో అన్నాడు. "నాకూ అర్థమవుతోంది మల్లాంబా. కానీ అంతమందిలో అన్నాను. లాక్కుంటానన్నాను. పున్నమి అన్నాను. ఇప్పుడు వద్దంటే నవ్వుతారు."

రాణి విసరడం ఆపింది. "నవ్వితే ఒక పూట నవ్వుతారు. నవ్వుకి ఎవరూ చచ్చిపోరు కదా" అంది.

 అవునని ఆయనకి తెలుసు. అయినా అంత ఎత్తు ఎక్కి కూర్చున్నాక దిగడం ఎంత కష్టమో! చెట్టెక్కిన పిల్లిని చూశావుగా, ఎక్కేటప్పుడు సర్రున ఎక్కేస్తుంది. దిగమంటే మ్యావుమంటుంది. అలాగే ఉంది రాజుగారి పని.

పున్నమి వచ్చింది. తెల్లారింది. రేవు నిండా జనం. సైనికులు పడవల్లో కూర్చున్నారు. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోవడం లేదు. రాజుగారు కిరీటం పెట్టుకుని రేవు మెట్లు దిగుతున్నాడు.

అప్పుడు మలుపులోంచి ఒక చిన్న పడవ వచ్చింది. ఒక్కటంటే ఒక్కటే. అందులో ఆదెమ్మ. తనే తెడ్డు వేసుకుంటూ ఎదురు నీటిలో వస్తోంది.

జనం పక్కకి జరిగారు. ఒక సైనికుడు, అలవాటు చొప్పున, చెయ్యి చాచి తాడు అందుకున్నాడు. అందుకున్నాక భయపడి రాజుగారివైపు చూశాడు. రాజుగారు ఏమీ అనలేదు.

ఆదెమ్మ మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుంది. "అంతమంది ఎండలో అంత దూరం ఎందుకు బాబూ అని నేనే వచ్చాను" అంది.

 ఇప్పుడు ఇందరిముందూ తిడుతుంది, ఒట్టు గుర్తుచేస్తుంది, మొగుణ్ణి గుర్తుచేస్తుంది అనుకున్నాడు రాజుగారు. ఆవిడ అవేమీ చెయ్యలేదు. పక్క మెట్టు చేత్తో తుడిచి, "కూర్చోండి బాబూ" అన్నట్టు చూసింది. ఆయన కిరీటంతోనే కూర్చున్నాడు.

"దేనికి భయం బాబూ?" అని అడిగింది.

అంత నెమ్మదిగా ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు.  "ఓడదొంగలు వస్తారేమోనని. చిన్నప్పుడు చూశాను ఆ మంట. ఇంకా కలలోకి వస్తుంది" అన్నాడు.

"నాకూ వస్తుంది. మీరు బురుజు మీంచి చూశారు. నేను లోపల్నుంచి చూశాను. దొంగలొస్తే మీకంటే ముందు కాలేది మేమే బాబూ. ఆ భయం మీదీ మాదీ ఒకటే. భయమేస్తే కాపలాకి తోడు అడగాలి. అంతేగాని, కాపలా కాసేవాడి ఇల్లు అడుగుతారా ఎవరైనా?"

 

"ఏం చెయ్యమంటావు?" అన్నాడు రాజుగారు.

"లంక కొసన ఒక ఎత్తయిన కాపలా మంచె కట్టుకుందాం. మావాళ్ళూ మీవాళ్ళూ కలిసి కాస్తారు. మీ కుర్రాళ్ళని పంపండి, మా ఇళ్ళల్లో ఉంటారు, మేం తినేదే తింటారు, సముద్రాన్ని చూడటం నేర్పుతాం. కానీ ఒక్క మాట మీరు చెప్పాలి. నాకు కాదు. లాక్కుంటానని ఎవరి ముందు అన్నారో, వాళ్ళ ముందు."

ఆ మాటేంటో రాజుగారికి తెలుసు. లేచి నిలబడ్డాడు. 

మొదటిసారి, "లంక మీది" అన్నాడు. ఎంత మెల్లిగా అన్నాడంటే, ఆయన మీసాలకే వినపడి ఉంటుంది.

రెండోసారి, "లంక మీది" అన్నాడు. మెట్ల మీద ఉన్నవాళ్ళకి వినపడింది.

అప్పుడు కిరీటం తీసి చంకలో పెట్టుకుని, ఏటివైపు తిరిగి, "పొన్నలంక లంకవాళ్ళది! నిన్నా వాళ్ళదే, రేపూ వాళ్ళదే! నేను అన్నది తప్పు! ఈటెలు దింపెయ్యండి!" అని అరిచాడు.

ఎవరైనా నవ్వారా అంటావా? నవ్వారు. కానీ వెక్కిరింత నవ్వు కాదు. పడవల్లో ఉన్న కుర్రాళ్ళు ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. కొందరు ఏడ్చారు కూడా. లంక నుంచి వచ్చిన కోడళ్ళు బిందెలు అక్కడే వదిలేసి, ఆదెమ్మ చుట్టూ చేరారు. ముమ్మడన్న మాత్రం మొహం అటు తిప్పుకుని, తలపాగా సర్దుకుంటూ చాలాసేపు ఉండిపోయాడు.

ఆ తర్వాత ఆ పడవల్లోకే వడ్ల బస్తాలు ఎక్కించారు. సంత తెరిచారు. బావులకి కొత్త తాళ్ళు వచ్చాయి. ఉప్పుమడులవాళ్ళూ, రెల్లుదిబ్బవాళ్ళూ, తేనెపట్లవాళ్ళూ చాపలు చుట్టుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు.

కథ అయిపోయిందా? అప్పుడే ఎక్కడ? తప్పు ఒప్పుకోగానే అంతా మామూలైపోతే ఇంకేం కావాలి పండూ.

కొన్నాళ్ళకి మంచె కట్టడం మొదలైంది. రాజుగారు చూడటానికి లంకకి వెళ్ళాడు. వెళ్తే, ఎవరూ ఏమీ అనలేదు. కూర్చోమన్నారు, బొండం ఇచ్చారు. కానీ పిల్లలు అమ్మల కొంగు వెనక నుంచి చూశారు. ఇదివరకు ఆయన వస్తే పాటలు పాడే ముసలాళ్ళు వలలు బాగుచేసుకుంటూ తలెత్తలేదు. కుక్కలు ఆయన వెనకాలే మొరుగుతూ తిరిగాయి.

రాజుగారికి దిగులేసింది. "అమ్మా, ఇంకా నా మీద కోపమేనా వీళ్ళకి?" అని ఆదెమ్మని అడిగాడు.

"కోపం కాదు బాబూ, జాగ్రత్త. కోపమైతే ఎప్పుడో పోయేది. నమ్మకం అరటిమొక్క కాదు, పాతిన ఏడాదికే గెల వెయ్యడానికి. అది తాడిచెట్టు. టెంక పాతి, ఓపిగ్గా ఎదురుచూడాలి" అంది.

ఆయన ఎదురుచూశాడు. పాపం, నిజంగానే చూశాడు. ఏటా వానలు తగ్గాక లంకకి వచ్చేవాడు. సేన లేకుండా, ఒక్క పడవలో. ఒక ఏడు పిల్లలు కొంగు వెనక నుంచి బయటికొచ్చారు. ఇంకో ఏడు ఒక ముసలాయన వలలో చిక్కు తియ్యమని తాడు కొస ఆయన చేతికిచ్చాడు. రాజుగారికి రాదు. చిక్కుని ఇంకా చిక్కు చేశాడు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు.

మంచె మీద గట్టుకోట కుర్రాళ్ళూ లంక కుర్రాళ్ళూ వంతులు వేసుకుని కాసేవాళ్ళు. సముద్రం రంగు మారితే గాలి ఎటు తిరుగుతుందో గట్టు మీద పుట్టినవాళ్ళకి కూడా తెలిసిపోయింది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం దూరంగా నల్ల తెరచాపలు కనిపించాయి. ఒకటి కాదు, గుంపు. దొంగలో, దారి తప్పిన వర్తకులో తెలీదు. మంచె మీద కుర్రాళ్ళు వెంటనే మంట వేశారు. పొగ ఆకాశానికి లేచింది.

పొగ చూడగానే పెదభూపతి కోటలోంచి పరిగెత్తాడు. అప్పటికి ఆయన జుట్టూ నెరిసింది. పడవలు దిగువకి వదిలారు. పడవల నిండా సైనికులు, ఈటెలు, డాళ్ళు. వాలు నీరు, వాలు గాలి. బాణంలా వచ్చేస్తున్నారు.

లంక ఒడ్డున జనం నిలబడి ఉన్నారు. ముందు సముద్రంలో నల్ల తెరచాపలు. వెనక ఏట్లో ఈటెలతో నిండిన రాజుగారి పడవలు. ఒకప్పుడు వస్తాయని భయపడిన పడవలే అవి. ఒకావిడ గబుక్కున పిల్లాణ్ణి ఎత్తుకుంది. ఒక ముసలాయన ఆదెమ్మవైపు చూశాడు. ఆవిడ ఇప్పుడు కర్ర పట్టుకుని నడిచే మనిషి అయిపోయింది.

అప్పుడు రాజుగారు ఏం చేశాడో తెలుసా? అంత తొందరలోనూ, రేవు ఇంకా కాస్త దూరం ఉందనగా, "ఆపండి!" అన్నాడు. తెడ్లు ఆగాయి. పడవలన్నీ నడి ఏట్లో అటూ ఇటూ ఊగుతూ నిలబడ్డాయి. ఆయన ముందు పడవలో లేచి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేకేశాడు.

"అమ్మా! మేం రావచ్చా?"



ఆదెమ్మ ఎప్పుడూ గొంతు పెంచి ఎరగదని చెప్పానా? ఆవేళ పెంచింది. కర్ర పైకెత్తి, ఏరంతా వినపడేలా, "రా నాయనా! నీ ఊరేననుకుని రా!" అంది.

ముందు పిల్లలే నీళ్ళలోకి పరిగెత్తారు, తాళ్ళు అందుకోడానికి. లంకవాళ్ళూ గట్టుకోటవాళ్ళూ ఒడ్డు పొడుగునా భుజం భుజం కలిపి నిలబడ్డారు. నల్ల తెరచాపలు కొంతసేపు అక్కడే తచ్చాడాయి. ఒడ్డున ఎంతమంది ఉన్నారో చూసుకున్నాయి కాబోలు. ఆ తర్వాత మెల్లిగా తిరిగి, సముద్రంలోకి వెళ్ళిపోయాయి. మళ్ళీ రాలేదు.

ఆ పూట రాజుగారు ఆదెమ్మ ఇంట్లో చాప మీద కూర్చుని చేపలపులుసుతో అన్నం తిన్నాడు. రెండోసారి కూడా వేయించుకున్నాడట.

ఊ అనడం లేదే? నిద్రొచ్చేసిందా? సరే, కళ్ళు మూసుకో.

కోట గట్టువాళ్ళకి, లంక ఏటివాళ్ళకి,
వెన్నెల ఇద్దరికి, చల్లగాలి అందరికి,
కథేమో కంచి తోవకి, కన్నేమో కునుకు తోవకి,
నా పండు నా పక్కకి.